పెట్టీ కేసులో నేరం ఒప్పుకున్నాక అప్పీలు ఉంటుందా?

బరాత్‌లో తాగి గొడవ చేశారని బీఎన్ఎస్ (ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత) సెక్షన్ 355 కింద కేసు, కోర్టులో ఒప్పుకుని 500 ఫైను కట్టేశారు, ఇప్పుడు కానిస్టేబుల్ ఉద్యోగానికి అడ్డం వస్తుందేమోనని మీ టెన్షన్. నాదీ ఇదే బాధ. కాకపోతే నేను దొరికింది జాతరలో.

కోర్టులో వరసగా పేర్లు పిలుస్తుంటే ముందువాళ్లు అన్నదే నేనూ అన్నాను, "తప్పయింది సార్" అని. రెండు నిమిషాల్లో అయిపోయింది. తర్వాత అప్పీలని లాయరు దగ్గరికి పోతే ఆయన మొదట అడిగింది "ఒప్పుకున్నావా?" అనే. ఒప్పుకుంటే, బీఎన్ఎస్ఎస్ (కేసులు నడిపే పద్ధతి చెప్పే చట్టం) సెక్షన్ 416 ప్రకారం, నేను నేరం చేయలేదని అప్పీలు చేయడానికి లేదు. శిక్ష ఎక్కువైందనో, చట్టప్రకారం లేదనో మాత్రమే చేయొచ్చు. 355లో ఫైను వెయ్యి దాకా వేయొచ్చు కాబట్టి మీ 500 మీద పెద్దగా వాదించేదేం ఉండదు. (పాత ఐపీసీ 510లో ఇదే నేరానికి ఫైను పది రూపాయలే!)

మిగిలింది సెషన్స్ కోర్టులో రివిజన్, అంటే కింది కోర్టు చేసింది చట్టప్రకారం ఉందో లేదో చూడమని పై కోర్టును అడగడం. నా ఫైలు సర్టిఫైడ్ కాపీ (కోర్టు ముద్ర వేసి ఇచ్చే నకలు) తీయిస్తే, నిందితుడు ఒప్పుకున్నాడని ఒక అచ్చు ముక్క, కింద నా సంతకం, అంతే. ఆ ఒప్పుకోలును మెజిస్ట్రేటు వీలైనంతవరకు నిందితుడి మాటల్లోనే రాసుకోవాలని బీఎన్ఎస్ఎస్ సెక్షన్ 275 చెబుతుంది. పైగా తాగి ఉండటం ఒక్కటే 355 కిందికి రాదు, బహిరంగ స్థలంలో ఎవరికైనా చికాకు కలిగేలా ప్రవర్తించాలి. నా ఛార్జిషీటులో ఎవరికి ఇబ్బంది కలిగిందో ఒక్క మాటా లేదు. లాయరు ఈ రెండే పట్టుకున్నాడు. శిక్ష రద్దు చేసి కేసు మళ్లీ కింది కోర్టుకు పంపారు. అక్కడ సాక్షులు రాలేదు, కొట్టేశారు. అంతా అయ్యేసరికి లాయరు ఫీజు ఫైనుకు పది రెట్లు దాటింది, అది వేరే ఏడుపు.

రివిజన్ వేసినా వేయకపోయినా అటెస్టేషన్ ఫారంలో (ఉద్యోగానికి మన వివరాలు, కేసులు రాసిచ్చే ఫారం) మాత్రం కేసు దాచకండి. ఇలాంటి చిన్న కేసు దాచినా ఉద్యోగం ఇచ్చేవాళ్లు చూసీ చూడనట్టు వదిలేయొచ్చని 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది కానీ, దాస్తే తీసేసే అధికారమూ వాళ్లకే ఉంది.

తీర్పు ఏ తేదీన వచ్చిందో మీరు రాయలేదు. రివిజన్‌కు గడువు 90 రోజులు. తీర్పు కాపీకి అర్జీ పెట్టాక అది చేతికి రావడానికి పట్టిన రోజులు అందులో లెక్కపెట్టరు. రేపే అర్జీ పెట్టేయండి.