ఒక్క సూత్రం పట్టుకుని రాయి

విశాఖపట్నం

చిరంజీవికి ఆశీస్సులు.

సంస్కృత వ్యాకరణం మీద నీ వ్యాసం చదివానమ్మా. పాణిని, కాత్యాయనుడు, పతంజలి, కైయటుడు, భట్టోజీ దీక్షితులు, నాగేశభట్టు అని పేర్లు వరసగా వచ్చాయి గానీ వాళ్లు చేసిన పనేమిటో ఎక్కడా కనబడలేదు. ఆ వంశావళి తీసేసి పాణిని అష్టాధ్యాయిలోని ఒక్క సూత్రం పట్టుకో.

‘ఇకో యణచి’ (6.1.77, అంటే ఆరో అధ్యాయం, మొదటి పాదం, 77వ సూత్రం) తీసుకో. ‘ఇ, ఉ, ఋలకు అసవర్ణాచ్చులు పరమైతే య, వ, రలు వస్తాయి’ అని బళ్లో అందరం వల్లించిందే. కానీ సూత్రంలో ‘అసవర్ణ’ (వేరే జాతి అచ్చు) అన్న మాట లేదు, చూడు. కవి + ఇంద్ర దగ్గర యణ్ (ఆ య, వ, రలు) రాకుండా అడ్డుకుని ‘కవీంద్ర’ అని దీర్ఘం చేసేది ‘అకః సవర్ణే దీర్ఘః’ (6.1.101). ఒక సూత్రం ఇంకోదానికి హద్దు గీస్తుందని పాఠకుడికి ఇక్కడ పట్టుబడుతుంది.

తర్వాత భట్టోజీ సిద్ధాంతకౌముదిలోని సుధీ + ఉపాస్యః సాధించు, ఒక్క మెట్టూ దాటేయకుండా. ఈకారం యకారమై ‘సుధ్య్’ అవుతుంది. ‘అనచి చ’ (8.4.47) వల్ల ధకారానికి వికల్పంగా ద్విత్వం. ‘ఝలాం జశ్ ఝశి’ (8.4.53) వల్ల మొదటి ధకారం దకారం. చిక్కంతా ఇక్కడే. పదం చివర సంయోగం (హల్లుల కలయిక) ఉంది కనుక ‘సంయోగాంతస్య లోపః’ (8.2.23) యకారాన్ని ఎగరగొట్టాలి. దాన్ని ఆపేది సూత్రం కాదు, ‘యణః ప్రతిషేధో వాచ్యః’ అన్న వార్తికం, అంటే సూత్రానికి చేర్పుగా వచ్చిన వాక్యం. అందుకే ‘సుద్ధ్యుపాస్యః’ నిలిచింది. వార్తికం అవసరం ఏమిటో చెప్పడానికి ఈ యకారం చాలు.

సంఖ్యల దగ్గర జాగ్రత్త. ‘ఇకో యణచి’ సిద్ధాంతకౌముదిలో 47వది, దాని సంగ్రహమైన లఘుకౌముదిలో 15వది. భట్టోజీ రూపసిద్ధి కోసం సూత్రాలను మార్చి పేర్చాడు, అందువల్ల అనువృత్తి (పై సూత్రంలోని పదం కింది సూత్రానికి దిగిరావడం) ఎక్కణ్ణుంచి వచ్చిందో అందులో కనబడదు. ‘సంహితాయామ్’ (6.1.72) అనే అధికారం (కింది సూత్రాలకు వర్తించే శీర్షిక) ఇక్కడిదాకా ఎలా సాగిందో తెలియాలంటే పాణిని క్రమంలోనే నడిచే కాశిక అనే వ్యాఖ్య చూడాల్సిందే.

పాణిని సూత్రాలను కాత్యాయనుడు ఆక్షేపిస్తే పతంజలి సమర్థించాడన్న వాక్యం కొట్టేయి. పతంజలి కూడా కొన్ని సూత్రాలను అక్కర్లేదని ప్రత్యాఖ్యానం చేశాడు. అసలు పతంజలి మహాభాష్యం అన్ని సూత్రాలకూ లేదు. కాత్యాయనుడి వార్తికాలు మనకు దక్కింది ఆ భాష్యంలోనే కాబట్టి ఏ వాక్యం ఎవరిదో విడదీసి రాయి.

జగన్నాథ పండితరాయలు మన తెలుగువాడని ‘మనోరమాకుచమర్దనం’ గురించి కయ్యం కథలు చెప్పకు. కౌముదికి భట్టోజీ తానే రాసుకున్న వ్యాఖ్య ప్రౌఢమనోరమలో ఏ పంక్తిని, ఏ యుక్తితో అందులో ఖండించాడో చెప్పు. మన పక్కనున్న విజయనగరం తాతా సుబ్బరాయశాస్త్రిగారు నాగేశభట్టు శబ్దేందుశేఖరానికి ‘గురుప్రసాదం’ అనే వ్యాఖ్య రాశారు. ఆ పేరు నీ వ్యాసంలో లేకపోవడం నాకు బాధనిపించింది.

అచ్చుకిచ్చేముందు కౌముది పాఠం చెప్పుకున్నవారి దగ్గర కూర్చుని నువ్వు ఉదహరించిన ప్రతి పంక్తీ చెప్పించుకో. విసర్గలు, హలంతాలు టైపులో తరచూ జారిపోతాయి, వాటిని విడిగా ఒకసారి దిద్దు.