తేదీ లేని వసంతం

అమ్మాయీ,

ఇంగ్లండ్ వసంతం మీద నువ్వు పంపిన వ్యాసం చదివాను. వాక్యం ఎక్కడ ఆపాలో నీకు తెలుసు. అది ఒకరు నేర్పితే వచ్చేది కాదు. మెచ్చుకోలు ఇక్కడితో సరి, ఎందుకంటే మూడో పేరా దగ్గర నాకు బీపీ పెరిగింది.

ఒకే ఉదయం, ఒకే నడకలో స్నోడ్రాప్‌లు, బ్లూబెల్స్, ఎర్ర పాపీలు చూశానని రాశావు. చూసి ఉండవు. స్నోడ్రాప్ జనవరి, ఫిబ్రవరి పువ్వు. మార్చి ముగిసేసరికి దాని ఆకులే మిగులుతాయి. బ్లూబెల్ ఏప్రిల్ నడిమి నుంచి మే దాకా. పొలం గట్ల మీద పాపీ మామూలుగా జూన్‌లో గానీ మొహం చూపించదు. ఫోన్‌లో ఉన్న ఫొటోలన్నీ ముందేసుకుని రాసినట్టున్నావు. తెలుగు పాఠకుడికి ఏం తెలుస్తుందిలే అనుకున్నావేమో. ఈ దేశంలో ఎంతమంది తెలుగువాళ్ళు రోజూ పొద్దున్నే ఆ దారుల్లోనే కుక్కని తిప్పుతారో నీకు తెలీదు.

అదే వ్యాసంలో నన్ను కదిలించిన చోటు కూడా ఒకటుంది. నువ్వు హాథార్న్ అనే తెల్లపూల ముళ్ళచెట్టు కొమ్మ కోసుకొస్తుంటే పక్కింటి పెద్దావిడ గుమ్మంలోనే ఆపి, "ఇంట్లోకి తేకు, చావు వెంట వస్తుంది" అని, ఆ కొమ్మని తీసుకెళ్ళి తన గేటుకి కట్టింది. రెండే వాక్యాలు. వెంటనే "పాశ్చాత్య దేశాల్లోనూ మూఢనమ్మకాలకు కొదవ లేదు" అని ఆవిడ మొహం మీద తలుపేశావు. నీ వ్యాసం ఆ తలుపు బయటే ఉండిపోయిందమ్మా.

హాథార్న్ పూలలో ట్రైమిథైలమీన్ అనే రసాయనం ఉంటుంది. శవం కుళ్ళడం మొదలైనప్పుడు పుట్టే వాసనలో కూడా అదే ఉంటుంది. ఒకప్పుడు ఇక్కడ అంత్యక్రియల దాకా శవాన్ని ఇంట్లోనే ఉంచుకునేవాళ్ళు. ఆ వాసన ఎరిగిన మనిషి, తెల్లగా పూసిన కొమ్మని మూసిన గదిలో పెడితే ఏమనుకుంటుంది? చావు ఇంట్లోకొచ్చిందనే అనుకుంటుంది. బయట గేటుకి కడితే గాలికి పోతుంది, గొడవ లేదు. మీ పక్కింటావిడకి కెమిస్ట్రీ తెలియకపోవచ్చు. ఆవిడ ముత్తవ్వలకి ముక్కులున్నాయి.

నేను ఈ దేశంలో ఆసుపత్రి ఉద్యోగంలో చేరిన కొత్తలో మా వార్డు సిస్టర్, అంటే నర్సులకి పెద్ద, ఒకావిడ ఉండేది. ఎవరైనా ఎర్ర పూలు, తెల్ల పూలు కలిపి కట్టిన గుత్తి తెస్తే వార్డులోకి రానిచ్చేది కాదు. ఎరుపు నెత్తురు, తెలుపు బ్యాండేజీ, ఆ రెండూ కలిస్తే వార్డులో ఒకరు పోతారట. నర్సులందరూ ఆవిడ మాటే వినేవాళ్ళు. పెద్ద డాక్టరు, కన్సల్టెంటు కూడా వినేవాడు, పైకి నవ్వుతూ. నువ్వు "ఇప్పుడెవరూ ఇలాంటివి నమ్మరు" అని కూడా రాశావు. 2022 సెప్టెంబర్‌లో రాణి ఎలిజబెత్ పోయినప్పుడు రాజుగారి తేనెటీగల కాపరి బకింగ్‌హామ్ ప్యాలెస్‌లో తేనెపెట్టెలకి నల్ల రిబ్బన్లు కట్టి, ఒక్కో పెట్టె మీద తట్టి, యజమానురాలు పోయిందని తేనెటీగలకి చెప్పి వచ్చాడు. చెప్పకపోతే తేనె పెట్టవనో, వదిలి వెళ్ళిపోతాయనో పాత నమ్మకం.

సరే, అసలు విషయానికొస్తాను. నన్ను ఎరిగినవాళ్ళందరూ విని విసిగిపోయిన మాటే. జానపద నమ్మకానికి తేదీ ఉంటుంది. తేదీ తీసేస్తే అది వట్టి ముచ్చట. మా నాన్న "రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయి" అనేవాడు. అందులో కార్తె తీసేసి రోలు మాత్రం ఉంచితే ఏం మిగులుతుంది? ఇక్కడి పల్లెల్లోనూ అంతే. స్నోడ్రాప్‌కి ఫిబ్రవరి 2న వచ్చే క్యాండిల్‌మస్ పండగ పేరే పెట్టుకున్నారు, క్యాండిల్‌మస్ బెల్స్ అని. ససెక్స్‌లోని హీత్‌ఫీల్డ్‌లో ఏప్రిల్ 14 సంతకి ఒక ముసలమ్మ బుట్టలోంచి కకూ అనే కోకిల జాతి పిట్టని వదులుతుందని చెప్పుకుంటారు. ఆఫ్రికా నుంచి ఆ పిట్ట దక్షిణ ఇంగ్లండ్‌కి వచ్చేది కూడా సుమారుగా అప్పుడే. ఆ ముసలమ్మ ఎవరన్నది నాకు అనవసరం. ఆ ఊరివాళ్ళు ఎన్ని ఏప్రిళ్ళు చెవులు రిక్కించి ఉంటే ఆ కథ కట్టగలిగారు, అది కావాలి నాకు.

ఇంకో సంగతి విను. 1752లో బ్రిటన్ క్యాలెండర్ మార్చింది. సెప్టెంబర్ 2 బుధవారం రాత్రి పడుకున్నవాళ్ళు 14 గురువారం నాడు లేచారు. మధ్యలో పదకొండు రోజులు మాయం. ఆ చట్టం సంగతి హాథార్న్ చెట్టుకి ఎవరూ చెప్పలేదు. పాత లెక్కలో మే 1 అంటే మన లెక్కలో మే 12 దగ్గర, చెట్టు నిండా పూలుండే సమయం. క్యాలెండర్‌తో పాటు మే డే అనే ఇక్కడి వసంతం పండగ ముందుకి జరిగాక, ఆ పొద్దున పూలకొమ్మల కోసం వెళ్ళినవాళ్ళకి చాలాచోట్ల మొగ్గలే దొరికాయి. ఇప్పుడేమో వేడి పెరిగి దక్షిణాన ఏప్రిల్‌లోనే పూసేస్తోంది. సోమర్‌సెట్‌లోని కార్‌హాంప్టన్ ఊళ్ళో నేటికీ జనవరి 17న యాపిల్ చెట్టు చుట్టూ చేరి పాడతారు. సైడర్ అనే యాపిల్ సారాలో ముంచిన రొట్టెముక్కలు రాబిన్ పిట్టల కోసం కొమ్మల్లో పెడతారు. దెయ్యాలు పారిపోవాలని తుపాకులు కాలుస్తారు. జనవరి 17 ఎందుకు? అది పాత క్యాలెండర్ లెక్కన క్రిస్మస్ సంబరాల చివరి రాత్రి. పార్లమెంటు ఏం చేసినా వాళ్ళ తోట పాత తేదీనే నడుస్తోంది.

బ్లాక్‌బెర్రీల సంగతీ అదే. సెప్టెంబర్ 29న మైకేల్ దేవదూత సైతాన్ని స్వర్గంలోంచి గెంటేస్తే వాడొచ్చి బ్లాక్‌బెర్రీ ముళ్ళ మీద పడ్డాడట. ఆ కోపంతో పళ్ళ మీద ఉమ్మేశాడు. మొహమాటం లేని పల్లెటూళ్ళలో ఉచ్చ పోశాడంటారు. ఆ రోజు దాటాక పళ్ళు కొయ్యకూడదు. కొందరు పాత లెక్కన అక్టోబర్ 10 దాకా ఆగుతారు. ఆ వేళకి వానలకి పళ్ళు నీళ్ళెక్కి బూజు పడతాయి కాబట్టి సైతాను లేకపోయినా సలహా మంచిదే.

నువ్వు మార్చి అని రాసి ఫొటో పెట్టిన తెల్లపూల కంచె హాథార్న్ కాదు, బ్లాక్‌థార్న్. దానికి ఆకులు రాకముందే పూలొస్తాయి. హాథార్న్‌కి ముందు ఆకు, తర్వాత పువ్వు. బ్లూబెల్స్ "దట్టమైన ఆకుల నీడలో" పూశాయన్నావు, అదీ తప్పే. పైన చెట్లు ఆకు మూసేలోపు దొరికిన వెలుతురులోనే అవి హడావిడిగా పని కానిచ్చుకుంటాయి. వాటి మధ్య కూర్చుని ఫొటో దిగావు చూడు, ఇంకెప్పుడూ అలా చెయ్యకు. ఆకులు నలిగితే దుంప కోలుకోవడానికి ఏళ్ళు పడుతుంది.

నార్‌ఫోక్‌లో రాబర్ట్ మార్షమ్ అనే భూస్వామి 1736లో ఒక పని మొదలుపెట్టాడు. తన ఎస్టేట్‌లో మొదటి స్నోడ్రాప్ ఏ రోజు పూసింది, ఓక్ ఎప్పుడు చిగురేసింది, కకూ ఎప్పుడు కూసింది, కప్పలు ఎప్పుడు అరిచాయి అని తేదీలు రాసుకోవడం. ఆయన పోయాక వంశంవాళ్ళు 1958 దాకా రాస్తూనే ఉన్నారు. వసంతం ముందుకి జరుగుతోందని చెప్పడానికి శాస్త్రవేత్తలు ఇవాళ ఆ లెక్కలు తిరగేస్తున్నారు. అందులో ఒక్క విశేషణం లేదు. నీ వ్యాసంలో "మనోహరమైన" ఎన్నిసార్లు వచ్చిందో ఎర్ర ఇంకుతో గీతలు పెట్టి పంపుతున్నాను.

నాకు ఈ తేదీల పిచ్చి ఊరికే పట్టలేదు. నైట్ డ్యూటీలో, డాక్టర్ని పిలిచే బ్లీప్ ఒకసారి మోగి మళ్ళీ మోగేలోపు ఇలాంటి వ్యాసాలే రాసి, విమానం ఉత్తరాల్లో హైదరాబాద్ పంపేవాణ్ణి. ఒక వారపత్రిక ఎడిటరు "మన పాఠకులకి ఈ పూలెందుకు?" అని తిప్పి పంపాడు. ఇంకొకాయన వేశాడు. వేసి, "ఏప్రిల్ మూడో వారం, వైర్ ఫారెస్ట్ అంచున" అన్న నా మాటల్ని "ఒకానొక వసంతోదయాన" అని మార్చాడు. పక్కన బొమ్మ వేసినాయన బ్లూబెల్స్‌కి బదులు తామరకొలను గీశాడు. ఆ పత్రిక మూతపడి చాలా కాలమైంది. నా కోపం మాత్రం ఇంకా పోలేదు.

ఇప్పుడింకో ఫ్యాషన్ వచ్చింది. పరాయి దేశంలో ఏ పువ్వు కనిపించినా రెండో వాక్యంలో అమ్మ జడలో కనకాంబరాలు గుర్తుకు రావాలి. లండన్ రిచ్‌మండ్ పార్కులో రామచిలుకల్ని చూసి నువ్వు కళ్ళనీళ్ళు పెట్టుకున్నావు. అవి మన జాతి చిలుకలే, నిజం. కానీ వాటికి ఇక్కడే ఒక పురాణం పుట్టింది. 1960ల్లో జిమీ హెండ్రిక్స్ అనే గిటారిస్టు లండన్ కార్నబీ స్ట్రీట్‌లో ఒక జంటని వదిలితే అవే ఇన్ని అయ్యాయట. నార్‌ఫోక్‌లో అలాంటి చిలుకని 1855లోనే చూసినట్టు రికార్డుంది. హెండ్రిక్స్ అప్పటికి పుట్టనే లేదు. నీ కన్నీళ్ళకంటే ఈ కథ ఎక్కువ సరదాగా ఉండేది.

పుస్తకం వెయ్యాలా, కలం పేరు పెట్టుకోవాలా అని అడిగావు. అంతకంటే తొందర పని ఒకటుంది, ఫాక్స్‌గ్లవ్ అనే మొక్క సంగతి. రెండో వ్యాసంలో దాన్ని దేవకన్యల తొడుగు అని ముద్దుగా రాశావు, బాగుంది. విలియం విథరింగ్ అనే డాక్టరు ష్రాప్‌షైర్‌లో ఒక ముసలమ్మ ఒంటికి నీరు పట్టినవాళ్ళకి ఇచ్చే కషాయం గురించి విని, అందులోని ఇరవై పైచిలుకు మూలికల్లో పనిచేసేది ఫాక్స్‌గ్లవ్ అని పట్టుకుని, 1785లో అచ్చువేశాడు. ఆ మొక్క జాతి నుంచే వచ్చిన డిగాక్సిన్ అనే గుండె మాత్రలు నేను నా ఉద్యోగమంతా రాశాను. మోతాదు కాస్త దాటితే గుండె లయ తప్పుతుంది. నువ్వేమో అదే పేజీలో, దారిపక్కన కాంఫ్రీ అనే మొక్క ఆకులు కోసుకుని టీ కాచుకున్నానని రాశావు. పువ్వు రాకముందు ఫాక్స్‌గ్లవ్ ఆకు, కాంఫ్రీ ఆకు ఒకేలా కనిపిస్తాయి. అలా పొరబడి ఆసుపత్రి పాలైనవాళ్ళున్నారు. ముందు నువ్వు ఆ టీ మానెయ్. ఆ పేరా కొట్టేసి, మిగతాది తేదీలు వేసి మళ్ళీ పంపు.

ఆశీస్సులతో,
మీ డాక్టరు మామయ్య