షుగర్ దాచారని క్లెయిమ్ కొట్టేశారు.. డబ్బు వస్తుందా?

ప్రశ్న: నాన్నగారికి పదహారేళ్లుగా షుగర్. అరికాళ్ల మంటలతో దుప్పటి తగిలినా ఓర్చుకోలేకపోయేవారు. మందులు పనిచేయక, 9 లక్షలు అప్పుచేసి వెన్నులో స్పైనల్ కార్డ్ స్టిమ్యులేటర్ (నొప్పిని తగ్గించే పరికరం) పెట్టించాం. 2015లో పాలసీ తీసుకున్నప్పుడు షుగర్ సంగతి చెప్పలేదని బీమా కంపెనీ క్లెయిమ్ తిరస్కరించి 14 నెలలైంది. అప్పటి నుంచి కస్టమర్ కేర్‌కు ఫోన్లు చేస్తూనే ఉన్నాం. ఫారం నింపింది ఏజెంటే. ఏటా ప్రీమియం కడుతున్నాం, 2021లో కాస్త ఆలస్యమైంది. షుగర్ 2017లో మొదలైందని సర్టిఫికెట్ ఇస్తానంటున్నారు తెలిసిన డాక్టరు. తీసుకోమంటారా?
- ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: మీ కేసును తేల్చేది 9 లక్షల అప్పు కాదు, మాటవరసకు రాసేసిన ఆ '2021లో కాస్త ఆలస్యం'. ఆరోగ్య పాలసీ తెగకుండా 60 నెలలు నడిస్తే, మోసం రుజువైతే తప్ప, విషయం దాచారంటూ క్లెయిమ్ కాదనడానికి వీల్లేదు. 2024 ఏప్రిల్‌కు ముందు ఇది ఎనిమిదేళ్లు. మీరు 30 రోజుల గ్రేస్ పీరియడ్‌లోపే (గడువు తేదీ దాటాక కట్టేందుకు ఇచ్చే అదనపు రోజులు) కట్టి ఉంటే లెక్క 2015 నుంచే, పాత, కొత్త నిబంధనలు రెండింటి ప్రకారమూ మీరు గట్టెక్కినట్టే. ఆ 30 రోజులూ దాటాక కొత్త పాలసీ ఇచ్చి ఉంటే మాత్రం లెక్క 2021 నుంచి మొదలవుతుంది, ఆపరేషన్ నాటికి 60 నెలలు నిండవు. ఆ ఏడాది రసీదు, బ్యాంకు స్టేట్‌మెంటు, పాలసీ షెడ్యూలు ముందు బయటకు తీయండి.

ఆ సర్టిఫికెట్ జోలికి పోవద్దు. షుగర్ ఎన్నేళ్లుగా ఉందో ఆపరేషన్ కేసు షీటులోనే రాసి ఉంటుంది. మోసం రుజువు చేయలేక తిప్పలు పడాల్సిన కంపెనీకి ఆ రుజువు మీరే చేతికిచ్చినట్టవుతుంది. పైగా మీకూ ఆ డాక్టరుకూ క్రిమినల్ కేసు.

చదవకుండా సంతకం పెట్టి ఏజెంటు మీద తోసేస్తే సాధారణంగా ఒప్పుకోరు. 14 నెలలు కస్టమర్ కేర్‌కు ఫోన్లు చేస్తూ కూర్చోవడం అంతకన్నా పెద్ద నిర్లక్ష్యం. బీమా అంబుడ్స్‌మన్ (బీమా ఫిర్యాదులు వినే అధికారి) దగ్గరికి వెళ్లే ఏడాది గడువు అలాగే దాటిపోయి ఉండొచ్చు. ఫోన్లతో గడువు పెరగదు. వినియోగదారుల కమిషన్‌కు తిరస్కరణ లేఖ అందిన నాటి నుంచి రెండేళ్లు. అంటే మీకు మిగిలింది పది నెలలు.

ప్రపోజల్ ఫారం (పాలసీ కోసం ఏజెంటు నింపిన దరఖాస్తు) కాపీ ఇవ్వమని కంపెనీకి రిజిస్టర్డ్ పోస్టులో రాయండి. ఆస్పత్రి రికార్డులు కూడా రాతపూర్వకంగానే అడగండి, 72 గంటల్లో ఇవ్వాలి. నొప్పి మందుల పాత చీటీలు, శాశ్వత పరికరం పెట్టేముందు కొన్నాళ్లు చేసిన ట్రయల్‌లో నొప్పి ఎంత తగ్గిందో రాసిన కాగితాలు, పరికరం సీరియల్ నంబరున్న స్టిక్కరు జాగ్రత్త. 'ఈ చికిత్సే అనవసరం' అని కంపెనీ రేపు అనొచ్చు. తిరస్కరణ లేఖలో లేని కారణాన్ని తర్వాత తేకూడదని సుప్రీంకోర్టు చెప్పింది కాబట్టి ఆ లేఖ అసలు ప్రతి పోగొట్టుకోకండి.

ఫిర్యాదు పాలసీదారైన నాన్నగారి పేరు మీదే, మీరుండే ఖమ్మం జిల్లా కమిషన్‌లోనే వేయొచ్చు. కట్టిన ప్రీమియం 5 లక్షలు దాటకపోతే ఫీజు లేదు. ముందు లాయరు నోటీసు పంపి 15 రోజులు చూడండి. జవాబు రాకపోతే వెంటనే కేసు వేయండి.