చేతికి రంగు అంటితే ఫోన్ ఎలా పట్టుకుంటాం?

బొమ్మ వేద్దామని కూర్చుంటే పది నిమిషాలకే చెయ్యి ఫోన్ మీదికి పోతోందని, ఎగ్జిబిషన్‌కు వెళ్లినా నాలుగు ఫొటోలు తీసుకుని వచ్చేస్తున్నానని మీరు రాశారు. యాప్‌లు తీసేయమని అందరూ చెప్తారు. నేనూ తీసేశాను, రాత్రికల్లా మళ్లీ ఎక్కించుకునేదాన్ని. మాది తిరుపతి. నాకు పనికొచ్చింది శ్రీకాళహస్తి కలంకారీ, అంటే గుడ్డ మీద కలంతో బొమ్మలు వేసే పని. అందులో తొందరపడదామన్నా కుదరదు.

ముందు గుడ్డను కరక్కాయ పొడి కలిపిన గేదె పాలలో తడిపి ఆరబెట్టాలి. పాలలోని కొవ్వు వల్ల రంగు పాకదు. నల్లరంగు కొట్లో కొనేది కాదు. తుప్పు పట్టిన ఇనుప ముక్కలు బెల్లం నీళ్లలో రెండు మూడు వారాలు నానాలి. ఆ వాసన గురించి ఇంట్లోవాళ్లకు ముందే చెప్పి పెట్టుకోండి! కలం అంటే వెదురు పుల్ల, దానికి చుట్టిన ఉన్ని. ఉన్నిని రంగులో ముంచి, వేళ్లతో కాస్త అదిమితే మొన దాకా దిగుతుంది. గట్టిగా అదిమారా, గుడ్డ మీద పెద్ద మచ్చ. "ఒత్తబాకమ్మా, అదే దిగుతాది" అనేవారు నాకు నేర్పినాయన. గీసిన గీత కరక్కాయ పట్టిన గుడ్డకు తగిలి నల్లబడుతుంటే చూస్తూ ఉండిపోతాం. వేళ్లకంతా మరకే, ఇక ఫోన్ ఎవరు ముట్టుకుంటారు?

తర్వాత పటిక పూయడం, ఎరుపు ఎక్కించడం, ఉతకడం, ఆరబెట్టడం. ఎండ లేకపోతే ఆ రోజుకు పని లేనట్టే. నాకు ఇది విసుగనిపించలేదు, టెన్షన్ తగ్గింది. అందరికీ అలాగే ఉంటుందని మాత్రం చెప్పను.

ఇక చూడడం. పాత పద్ధతి రామాయణం గుడ్డల్లో మధ్యన పెద్ద బొమ్మ, చుట్టూ వరసలుగా కథ, గళ్ల వెంబడి తెలుగులో రాత ఉంటాయి. దూరం నుంచి ఫొటో తీస్తే ఆ అక్షరాలు అందవు. ఒక్క వరస ఎంచుకుని, దగ్గరికెళ్లి, కూడబలుక్కుంటూ చదవండి. మిగతా వరసలు ఇంకోసారి చూడొచ్చు.

1957లో, చేతిపనులను నిలబెట్టడానికి పాటుపడిన కమలాదేవి చటోపాధ్యాయ చొరవతో శ్రీకాళహస్తిలో శిక్షణ కేంద్రం పెట్టాకే ఈ పని మళ్లీ పుంజుకుంది. ఇప్పటికీ అక్కడ ఇళ్లల్లో వేసేవాళ్లున్నారు, తిరుపతి నుంచి బస్సులో వెళ్లి రావచ్చు. అడిగితే చాలామంది పక్కన కూర్చోనిస్తారు. కాకపోతే మొదటి రోజే రాముణ్ణి వేస్తానని పట్టుబట్టకండి, అంచు తీగలతో మొదలుపెట్టండి.