ఆస్తి పన్ను పెరుగుతోంది, కాలువ అలాగే ఉంది: మునిసిపాలిటీలో మన మాట ఎక్కడ చెల్లుతుంది?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. మీ ఊళ్లో ఆస్తి పన్ను ఏటా పెరుగుతోంది, వీధి చివర కాలువ మాత్రం పూడికతో అలాగే ఉంది. కమిషనర్‌కు అర్జీ ఇస్తే "చూస్తాం" అన్నారు, ఆ తర్వాత ఉలుకూ పలుకూ లేదు. మామూలు మనిషి అడిగితే మునిసిపాలిటీ వింటుందా, గట్టిగా అడిగితే మన మీద కక్ష కడతారా అని అడిగారు.

వింటుంది, కాకపోతే అన్ని వేళలా కాదు. ఒక విషయం తీర్మానం కాకముందు, ఒక పనికి ఆఖరి బిల్లు పాస్ కాకముందు అడిగితే ఎంతో కొంత కదలిక వస్తుంది. ఆ తర్వాత ఎంత అరిచినా మనకు దక్కేది ఆ "చూస్తాం" అన్న మాటే.

నేను ఉండేది గోదావరి వైపు ఒక మునిసిపాలిటీలో. ఊరి పేరు వద్దులెండి, రేపు మళ్లీ అదే ఆఫీసుకు వెళ్లాలి. కాలనీ సంఘంలో నాకు పదవి ఏమీ లేదు. కాగితాలు రాయడం, ఆఫీసుల చుట్టూ తిరగడం నా పని.

ముందు పన్ను సంగతి. ఆంధ్రప్రదేశ్‌లో పాత పద్ధతిలో ఇంటికి ఏడాదికి ఎంత అద్దె వస్తుందో అంచనా కట్టి, దాని మీద పన్ను వేసేవారు. 2020 నవంబర్‌లో చట్టం సవరించి, జీవో 198 ఇచ్చి, దాన్ని మూలధన విలువ మీదకు మార్చారు. అంటే రిజిస్ట్రేషన్ శాఖ లెక్కలో మీ స్థలం, కట్టడం కలిపి ఎంత చేస్తాయో దాని మీద పన్ను. నివాసాలకు 0.10 నుంచి 0.50 శాతం వరకు, ఇతర భవనాలకు 0.20 నుంచి 2 శాతం వరకు అని హద్దులు పెట్టారు. 375 చదరపు అడుగుల లోపు ఇంట్లో యజమానే ఉంటే ఏడాదికి 50 రూపాయలు. పెంపు ఏడాదికి 15 శాతం మించకూడదని ఒక పరిమితి కూడా ఉంది.

ఇక్కడ చాలామంది గమనించని సంగతి ఒకటుంది. హద్దులు రాష్ట్రానివి. ఆ హద్దుల మధ్య అంకె మాత్రం మీ ఊరి మునిసిపాలిటీది. 30 లక్షల విలువ ఉన్న ఇంటికి 0.10 అయితే ఏడాదికి 3,000 రూపాయలు, 0.50 అయితే 15,000. ఈ రెండింటి మధ్య ఎక్కడ ఆగాలన్నది మీ కౌన్సిల్ బల్ల మీదకు వచ్చిన విషయమే. మా కాలనీలో అందరూ "జగన్ పన్ను", "చంద్రబాబు పన్ను" అని కొట్టుకున్నారు కానీ, మన వార్డు కౌన్సిలర్ ఆ రోజు చెయ్యి ఎత్తాడా లేదా అని అడిగినవాళ్లు బహు తక్కువ.

15 శాతం పరిమితి వినడానికి బాగానే ఉంటుంది. కానీ అది పాత పన్ను మీద కాదు, కిందటేడు కట్టిన దాని మీద. 2,000 కట్టేవాళ్లు మరుసటేడు 2,300, ఆ పై ఏడు 2,645 కడతారు. కొత్త లెక్క ప్రకారం రావాల్సిన పన్ను అందేదాకా ఇలా పెరుగుతూ పోతే అయిదేళ్లలో రెట్టింపు దాటుతుంది. మీకు ఏటా పెరుగుతున్నట్టు కనిపించడానికి కారణం చాలావరకు ఇదే. ప్రతి ఏడాదీ ఎవరో కొత్తగా నిర్ణయం తీసుకోవడం లేదు, 2021లో తీసుకున్న నిర్ణయమే ఇంకా నడుస్తోంది. అందుకే ఇప్పుడు "పెంపు రద్దు చేయాలి" అని కమిషనర్‌కు అర్జీ ఇస్తే ఆయన చేతిలో ఏమీ లేదు, నిజంగానే లేదు.

2021లో మునిసిపాలిటీలు ముసాయిదా ప్రకటనలు ఇచ్చి అభ్యంతరాలు అడిగినప్పుడు విశాఖలో, విజయవాడలో పన్ను చెల్లింపుదారుల సంఘాలు, పార్టీలు పెద్ద గొడవే చేశాయి. మా ఊళ్లో ఆ ప్రకటన ఆఫీసు నోటీసు బోర్డు మీద, పేపర్లో ఓ మూల చిన్న అక్షరాల్లో వచ్చింది. చూసినవాళ్లు కూడా ఒకే ఉత్తరాన్ని జిరాక్స్ తీసి సంతకాలు పెట్టి ఇచ్చారు: "పన్ను భారం మోయలేము, తగ్గించండి." అలాంటివి బస్తాడు వచ్చినా ఫైల్లో ఒకే వరుసలో తేల్చేస్తారు, "విచారించి తిరస్కరించడమైనది" అని.

మా కాలనీ నుంచి ఇంకో రకం అభ్యంతరం ఒకటి వెళ్లింది. రిటైరైన లెక్కల మాస్టారు ఒకాయన రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో డోర్ నంబర్ వారీగా మార్కెట్ విలువలు తీసి కూర్చున్నారు. మెయిన్ రోడ్డు డోర్ నంబర్లకు ఉన్న రేటే మా వెనక వీధికీ వేసేశారని ఆయన పట్టుకున్నారు. పాత పెంకుటిళ్లకు స్లాబు ఇళ్ల రేటు పడింది కొన్ని చోట్ల. ఇంటి ఫొటో, డోర్ నంబర్, పక్క వీధి రేటు, మన రేటు, తేడా ఎంత అని ఒక్కో ఇంటికి ఒక్కో కాగితం రాశాం. శాతం ఏమీ మారలేదు, కౌన్సిల్ అనుకున్నదే పెట్టింది. కానీ ఆ తప్పుడు రేట్లు మాత్రం సరిచేశారు. తగ్గిన డబ్బు పెద్దదేమీ కాదు, అయినా ఏటా తగ్గేది అది. ధర్నా చేసినవాళ్లకు పేపర్లో ఫొటో వచ్చింది. (అసూయ కాదండీ, ధర్నాకు నేనూ వెళ్లాను.)

మీకు ఇప్పుడు కూడా ఈ దారి తెరిచే ఉంటుంది. మీ ఇంటి అసెస్‌మెంట్ వివరాలు వార్డు సచివాలయంలో అడిగి తీసుకోండి. కొలతలు, అంతస్తులు, కట్టడం రకం, కట్టిన ఏడు, సొంతమా అద్దెకా అన్నవి ఒక్కొక్కటే సరిచూసుకోండి. మీ పన్ను ఇంత అని తెలిపే స్పెషల్ నోటీస్ వచ్చి ఉంటే, ఆ లెక్క మళ్లీ చూడమని కోరే రివిజన్ పిటిషన్ వేసే గడువు అందులోనే రాసి ఉంటుంది, దాన్ని దాటనివ్వొద్దు. ఒకటి మాత్రం గట్టిగా చెబుతాను: నిరసనగా పన్ను కట్టడం మానేయకండి. నెలకు 2 శాతం వడ్డీ పడుతుంది, ఏడాదికి 24 అన్నమాట. అభ్యంతరం ఉందని ఉత్తరం ఇచ్చి, రసీదు తీసుకుని, పన్ను కట్టేయండి. ఏప్రిల్‌లోనే ఏడాది మొత్తం కట్టేస్తే 5 శాతం రాయితీ కూడా ఇస్తారు. బకాయిదారులకు మార్చి నెలాఖర్లో అప్పుడప్పుడు వడ్డీ మాఫీ ప్రకటిస్తే వేళకు కట్టినవాళ్లకు ఒళ్లు మండుతుంది, నాకూ మండుతుంది. కానీ మాఫీ వస్తుందని నమ్ముకుని కూర్చోవడం తెలివైన పని కాదు.

"మేం కడుతున్న డబ్బు ఎటు పోతోంది" అన్నారు మీరు. దానికి నేను ముందు అడగమనేది డీసీబీ. డిమాండ్, కలెక్షన్, బ్యాలెన్స్ రిజిస్టర్. ఎవరు ఎంత కట్టాలి, ఎంత కట్టారు, ఎంత బాకీ అన్నది అందులో ఉంటుంది. మేం సమాచార హక్కు చట్టం కింద పెద్ద బకాయిల జాబితా అడిగాం. ఆ జాబితా చూసిన రోజు మా వాట్సాప్ గ్రూపు దద్దరిల్లింది. పైన ఉన్నవి ప్రభుత్వ కార్యాలయాల భవనాలు, ఆ కింద కోర్టు కేసులో ఉన్నాయంటూ ఆగిపోయిన వాణిజ్య సముదాయాలు. రెండు వేలు బాకీ ఉన్న ఇంటికి మాత్రం కుళాయి కనెక్షన్ తీసేస్తామని బిల్ కలెక్టర్ వచ్చి వెళ్లాడు. ఆ జాబితా పట్టుకుని మేం అడిగింది పన్ను తగ్గించమని కాదు, ముందు ఇవి వసూలు చేయండి అని. ఈ మాట కౌన్సిలర్లకు పనికొచ్చింది, పార్టీలతో పని లేకుండా ఇద్దరు ముగ్గురు సమావేశంలో లేవనెత్తారు. ప్రభుత్వ ఆఫీసుల బాకీ కొంత వసూలైంది. మిగతాది ఇంకా ఉంది.

సమాచార హక్కు దరఖాస్తు పెద్ద బ్రహ్మవిద్య కాదు. పది రూపాయల ఫీజు, తెల్లకాగితం, మునిసిపాలిటీలో పౌర సమాచార అధికారి పేరు మీద. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి, రాకపోతే మొదటి అప్పీలు. దరఖాస్తులో "ఎందుకు చేయలేదు" అని అడగకండి, దానికి జవాబు రాదు. కాగితం పేరు చెప్పి నకలు అడగండి. కావాలంటే రికార్డులు మీరే వెళ్లి చూసుకునే హక్కు కూడా 2005 చట్టంలో ఉంది, పనులు తనిఖీ చేసే హక్కు కూడా. ఇంకో మంచి కాగితం స్టేట్ ఆడిట్ వాళ్లు మునిసిపాలిటీ మీద రాసిన అభ్యంతరాలు. మనం పదేళ్లు తిరిగినా కనిపెట్టలేనివి అందులో వాళ్లే రాసి పెట్టి ఉంటారు.

ఇక మీ కాలువ. మాదీ అదే బాధ కాబట్టి ఇది కొంచెం వివరంగా చెబుతాను.

మా వీధిలో సిమెంటు కాలువ కట్టడం మొదలుపెట్టాక అంచనా పత్రం నకలు తీసుకున్నాం. పొడవు, లోతు, నీళ్లు పారే వాలు ఎంత ఉండాలో అందులో ఉంది. చివరి భాగానికి వచ్చేసరికి నీళ్లు పోవాల్సిన వైపు కాలువ అడుగు భాగం పైకి లేచింది. వాన పడితే నీళ్లు వెనక్కి వస్తాయని చూస్తేనే తెలుస్తోంది. కాంట్రాక్టర్ మనిషిని అడిగితే "పైన చెప్పినట్టు చేస్తున్నాం" అన్నాడు. మునిసిపాలిటీ ఏఈ (అసిస్టెంట్ ఇంజనీర్) గారు ఫోన్ ఎత్తలేదు. అప్పుడు ఎం-బుక్ చూడాలని దరఖాస్తు పెట్టాం. చేసిన పనికి కొలతలు రాసే పుస్తకం అది, దాన్ని బట్టే బిల్లు. దరఖాస్తు వెళ్లిన వారంలోపే ఏఈ, ఆయన పై ఇంజనీరు డీఈ ఇద్దరూ టేపు పట్టుకుని వీధిలో ప్రత్యక్షమయ్యారు. చివరి ముక్క పగలగొట్టి మళ్లీ కట్టారు. మా మీద ప్రేమతో కాదు, ఆఖరి బిల్లు ఇంకా పాస్ కాలేదు, కాబట్టి.

పక్క వార్డువాళ్లు అదే పని బిల్లు అయిపోయాక మొదలుపెట్టారు. విజిలెన్స్ వరకు వెళ్లారు, ఇంకా అక్కడే ఉన్నారు. అయితే ఒప్పందంలో లోపాల బాధ్యత గడువు అని ఒకటి ఉంటుంది. ఆ గడువులోపు పని చెడితే కాంట్రాక్టర్ సొంత ఖర్చుతో బాగు చేయాలి. మీ కాలువ ఎప్పుడు కట్టిందో, ఆ గడువు ఎప్పటిదాకా ఉందో మొదట అది కనుక్కోండి. గడువు ఉంటే మీ అర్జీ రూపమే మారిపోతుంది. లేకపోతే పూడిక తీత పని కోసం పారిశుద్ధ్య విభాగాన్ని అడగాలి, అది వేరే ఫైలు, వేరే మనుషులు. సోమవారం కలెక్టరేట్లో ఇచ్చే అర్జీ (పేరు మీ కోసం నుంచి స్పందన, స్పందన నుంచి పీజీఆర్ఎస్ అయింది, బల్లలు అవే) పూడిక లాంటి చిన్న పనులకు బాగానే పనిచేస్తుంది. నంబర్ ఇస్తారు, జవాబు రాయాల్సిన ఒత్తిడి కింది అధికారుల మీద ఉంటుంది. కానీ సమస్య తీరకుండానే "పరిష్కరించబడింది" అని మూసేస్తే మళ్లీ తెరిపించండి. మా పూడిక అర్జీ అలాగే, రికార్డులో ఒకసారి తీరింది, నిజంగా తీరింది తర్వాత.

మీ ప్రశ్న కింద వ్యాఖ్యల్లో ఒకరు చెత్త పన్ను సంగతి తెచ్చారు, జనం కట్టకపోతే అదే పోయింది కదా అని. నిజమే. 2021 అక్టోబర్‌లో క్లాప్ (క్లీన్ ఆంధ్రప్రదేశ్) పథకంతో పాటు చెత్త సేకరణకు ఇంటింటికీ యూజర్ చార్జీలు పెట్టారు, పెద్ద నగరాల్లో నెలకు 120 రూపాయల దాకా. సచివాలయం పిల్లలు ఇంటింటికీ తిరిగి అడగలేక నానా తంటాలు పడ్డారు. 2024లో ప్రభుత్వం మారాక, అక్టోబర్ 2న మచిలీపట్నంలో ముఖ్యమంత్రి దాన్ని రద్దు చేస్తున్నట్టు ప్రకటించారు. కానీ అది అర్జీలతో పోలేదు, ఎన్నికలతో పోయింది. రాష్ట్రమంతా ఒకేసారి మండే విషయానికి ఆ దారి ఉంది. మీ వీధి కాలువ కోసం ఎవరూ ప్రభుత్వాన్ని మార్చరు.

తెలంగాణలో ఉన్నవాళ్లకు ఒక్క మాట: అక్కడ సోమవారం అర్జీ ప్రజావాణి. 2019 మునిసిపల్ చట్టంలో ప్రతి వార్డుకూ యువత, మహిళలు, వృద్ధులు, ప్రముఖ పౌరులు అని నాలుగు కమిటీలు ఉండాలి. మీ వార్డులో ఉన్నాయో లేదో, ఉంటే అందులో ఎవరున్నారో అడగండి. చాలాసార్లు ఆ ప్రశ్నే మంచి మొదలు.

కక్ష గురించి. దీన్ని కొట్టిపారేయను. ఇంటి ప్లాన్‌లో ఓ అడుగు అటూ ఇటూ కట్టనివాళ్లు మన ఊళ్లలో ఎంతమంది? అది వాళ్లకూ తెలుసు. మాలో ఒకాయనకు "మీ మెట్లు రోడ్డు మీదకు వచ్చాయి" అని నోటీసు వచ్చింది, సరిగ్గా ఎం-బుక్ దరఖాస్తు మీద సంతకం పెట్టిన తర్వాత. అప్పట్నుంచి ఉత్తరాలన్నీ సంఘం లెటర్‌హెడ్ మీద, చాలామంది సంతకాలతో పంపుతున్నాం. సమాచార హక్కు దరఖాస్తు మాత్రం ఒక వ్యక్తి పేరు మీదే వేయాలి కాబట్టి, ఊళ్లో మునిసిపాలిటీతో పని పడని మనిషి వేస్తాడు. మా దగ్గర ఆ పని అద్దె ఇంట్లో ఉండే ఒక కుర్రాడిది. సొంత ఇల్లు లేకపోవడం వల్ల ఇన్నాళ్లకు ఒక లాభం కనిపించిందని అతని జోకు.

అలాగే ఏఈతో, బిల్ కలెక్టర్‌తో పోట్లాట పెట్టుకోకండి. మాకు చాలా కాగితాల పేర్లు చెప్పింది వాళ్లే, ఆఫీసులో కాదు, బయట టీ కొట్టు దగ్గర. వాళ్లకూ పైనుంచి టార్గెట్ల టెన్షన్ ఉంటుంది.

మీరు ఇప్పుడు చేయాల్సింది రెండు దరఖాస్తులు. ఒకటి మీ వార్డులో పెద్ద బకాయిల జాబితాకు, రెండోది ఆ కాలువ అంచనా, ఒప్పందం, ఎం-బుక్ నకళ్లకు. వచ్చే బడ్జెట్ సమావేశం ఎప్పుడో కూడా మీ కౌన్సిలర్‌ను అడిగి పెట్టుకోండి, అజెండా కాగితం ఆయనకు ముందే అందుతుంది. నకళ్లు వచ్చాక పేర్లు, డోర్ నంబర్లు కొట్టేసి ఇక్కడ పెట్టండి, ఎం-బుక్ చదవడం మొదట్లో కష్టం, మాస్టారి చేత చూపించి చెబుతాను.