అమ్మాయి కొరియా వెళ్లి చిప్పల పని నేర్చుకుంటానంటోంది

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ పాసైంది. బీటెక్ వద్దట, కొరియా వెళ్లి నాజన్‌చిల్గి, అంటే చెక్క సామానుమీద సముద్రపు చిప్పల ముక్కలు పొదిగే పని, నేర్చుకుంటుందట. కన్సల్టెన్సీ వాళ్లు ముందు భాషా కోర్సులో చేర్చమంటున్నారు. అదా, నేరుగా డిగ్రీయా, ఏది నయం? బంధువులకు ఏమని చెప్పుకోవాలి?
– ఓ తల్లి, హనుమకొండ

జవాబు: అమ్మా, మీకు నిద్ర పట్టనివ్వనిది ఆ చివరి ప్రశ్నేనని తెలుస్తోంది. చేతిపని నేర్చుకుంటానన్న ప్రతి పిల్ల తల్లీ నన్ను ఇదే అడుగుతుంది. బంధువులకు మీరేమీ చెప్పుకోనక్కర్లేదు. ముందు పిల్ల ఏదో తప్పు చేసినట్టు మాట్లాడటం మానండి.

ఇక నా అనుమానాలు. కొరియా అంటే పిల్లలకు ఇప్పుడు మోజు. సీరియల్లో బీరువా తళుకే కనిపిస్తుంది, దాని వెనక చాకిరీ కనిపించదు. సముద్రపు చిప్పను పల్చగా అరగదీసి, సన్నని రంపంతో పువ్వులు కోస్తారు. లేదా దారాల్లా చీల్చి, ఒక్కో ముక్కనీ కత్తిమొనతో తుంచి అతికిస్తారు. పైన ‘ఓట్’ అనే కొరియా చెట్టు జిగురు పూత. అది ఎండలో ఆరదు, తేమ ఉన్న పెట్టెలో గట్టిపడుతుంది. పూయాలి, ఆగాలి, రుద్దాలి, మళ్లీ పూయాలి. పచ్చి జిగురు తగిలితే చాలామందికి దద్దుర్లు లేస్తాయి. అమ్మాయికి చర్మ అలర్జీ ఉంటే ఇప్పుడే డాక్టర్‌ని అడగండి.

ఒకప్పుడు అక్కడ పెళ్లికూతురి సామానులో చిప్పల బీరువా ఉంటే గొప్ప. అపార్ట్‌మెంట్లు, గోడ అల్మారాలు వచ్చాక గిరాకీ పడిపోయింది. 1962లో వచ్చిన చట్టంతో మొదలుపెట్టి ప్రభుత్వం గురువులను గుర్తించి, నెలనెలా కొంత ఇచ్చి, శిష్యులను తయారుచేయిస్తోంది కాబట్టి విద్య నిలబడింది. శిక్షణ పూర్తిచేసి ‘ఇసుజా’ అనిపించుకోవడానికే ఏళ్లు పడుతుంది. నాలుగేళ్లలో ప్యాకేజీ అని లెక్కలు వేయకండి. అయినా మీ పిల్ల జీవితం పాడైపోదు. చేయి తిరిగితే ఫర్నిచర్ డిజైన్, పాత వస్తువుల మరమ్మతు వైపు కూడా వెళ్లొచ్చు.

భాషా కోర్సు డీ-4 వీసాతో భాషే వస్తుంది, పని రాదు. కొరియాలోని బుయో అనే ఊళ్లో 2000లో మొదలైన ప్రభుత్వ వారసత్వ విశ్వవిద్యాలయంలో సంప్రదాయ కళల విభాగమే ఉంది. విదేశీ విద్యార్థుల ప్రవేశ నిబంధనలు వాళ్ల వెబ్‌సైట్‌లోనే చూడండి. కొరియా ప్రభుత్వమిచ్చే జీకేఎస్ స్కాలర్‌షిప్ వస్తే మొదటి ఏడాది భాష వాళ్లే నేర్పుతారు. మరి కన్సల్టెన్సీకి డబ్బు ఎందుకు?

మీకు పెంబర్తి దగ్గరే కదా. అక్కడి ఇత్తడి పనివాళ్లను అడిగి నెల రోజులు అమ్మాయిని వాళ్ల పక్కన కూర్చోబెట్టండి. సుత్తీ ఉలీ పట్టి ఒకే గీతను వందసార్లు కొట్టాక కూడా ఉత్సాహంగా ఇంటికొస్తే, దరఖాస్తు నింపేటప్పుడు మీరూ పక్కన కూర్చోండి.