మొబైల్ హోమ్ చవగ్గా వస్తోందంటే ముందు నేల సంగతి అడుగు: మేనల్లుడికి ఒక ఉత్తరం

చిరంజీవి కిరణ్‌కి, మావయ్య ఆశీస్సులు.

టెక్సస్‌లో హ్యూస్టన్ దగ్గరి కాన్రోలో, ఒక మొబైల్ హోమ్ పార్కులో 14 వేల డాలర్లకు పాత మొబైల్ హోమ్, అంటే ఫ్యాక్టరీలో కట్టి తెచ్చి నిలబెట్టే ఇల్లు, దొరుకుతోందనీ, కొనేస్తే అపార్ట్‌మెంట్ అద్దె పీడ వదిలిపోతుందనీ అక్కతో అన్నావట. నువ్వు పంపిన ఫోటోలు చూశాను. 1994లో కట్టిన సింగిల్‌వైడ్ (ఒకే ముక్కగా వచ్చే సన్నటి ఇల్లు), రెండు బెడ్‌రూములు, గోడలకు కొత్త పెయింట్. హ్యూస్టన్ చుట్టుపక్కల ఇలాంటివి కొని, బాగుచేయించి, అమ్మిన అనుభవం నాకుంది కాబట్టి ఫోన్లో ముక్కలుముక్కలుగా చెప్పకుండా అంతా ఒకచోట రాస్తున్నాను. నిన్ను ఆపడానికి కాదు. సరైనది దొరికితే మీలాంటి కుర్రాళ్ళకు అది నిజంగా మంచి ఆసరా. కానీ నువ్వు ఇంటి గురించే అడుగుతున్నావు. ముందు అడగాల్సింది దాని కింద ఉన్న నేల గురించి.

ఆ 14 వేలూ ఇంటికి మాత్రమే. నేల పార్కు వాళ్ళది, ఇలాంటి ఇళ్ళు పెట్టుకోవడానికి స్థలం అద్దెకిచ్చేవాళ్ళది. మన ఊళ్ళో ఇంకొకరి పొలంలో పాక వేసుకున్నట్టే ఇది కూడా. లాట్ రెంట్, అంటే ఆ స్థలానికి అద్దె, నెలకు 650 డాలర్లు అన్నావు కదా, ఏడాదికి 7,800. రెండేళ్ళు తిరిగేసరికి 15,600 అవుతుంది, అంటే ఇంటి ఖరీదు దాటిపోతుంది. అదీ రెంట్ పెంచకపోతే. ఈమధ్య దేశమంతటా పెద్ద పెట్టుబడి కంపెనీలు ఇలాంటి పార్కుల్ని కొంటున్నాయి. చేతులు మారాక రెంట్ పెరిగిన పార్కులు చాలా ఉన్నాయి. అందుకే ఆఫీసులో అడిగి ఊరుకోకు. ఒక సాయంత్రం వెళ్ళి, అక్కడే ఉంటున్న నలుగురైదుగురిని పలకరించు. మూడేళ్ళ కిందట ఎంత కట్టేవారు, ఇప్పుడెంత, నీళ్ళకీ డ్రైనేజీకీ చెత్తకీ వేరే తీసుకుంటున్నారా, వాన పడితే నీళ్ళు ఎక్కడిదాకా వస్తాయి అని అడుగు. మనుషులు దాచకుండా చెబుతారు.

"రెంట్ పెంచితే ఇల్లు ఇంకో చోటికి లాక్కెళ్ళొచ్చుగా మావయ్యా" అంటావేమో. పేరు మొబైల్ హోమే గానీ ఒకసారి దిమ్మల మీద కూర్చోబెట్టాక దాన్ని కదపడం మామూలు విషయం కాదు. లైసెన్స్ ఉన్న మూవర్ కావాలి, రోడ్డు పర్మిట్ కావాలి, కరెంటూ నీళ్ళూ ఏసీ విప్పి మళ్ళీ కలపాలి, కొత్త చోట దిమ్మలు పేర్చి, లెవెల్ చేసి, ఇంటిని నేలకు పట్టి ఉంచే యాంకర్లు బిగించాలి. వేల డాలర్లతో మొదలై ఒక్కోసారి ఇంటి ధరను మించిపోతుంది. పైగా చాలా పార్కులు అంత పాత ఇంటిని లోపలికి రానివ్వవు. గాలి సంగతి కూడా ఉంది. 1992లో ఆండ్రూ తుఫాను తర్వాత తీర ప్రాంతాలకు కట్టే ఇళ్ళకు నిబంధనలు కఠినం చేశారు, అవి 1994 జూలై 13 నుంచి అమల్లోకి వచ్చాయి. గాలి ఉధృతిని బట్టి ప్రాంతాలను విండ్ జోన్లుగా విభజించారు. లోపలి ప్రాంతాల కోసం, అంటే విండ్ జోన్ 1 కోసం కట్టిన ఇల్లు గాల్వెస్టన్ లాంటి తీరప్రాంతపు గాలులకు తగ్గట్టు కట్టింది కాదు. అందుకని అది ఇప్పుడున్న చోటే ఉంటుందనుకుని లెక్క వేసుకో.

ఇంకో మాట. రెండో గది ఫ్రెండ్‌కి ఇచ్చి అతనిచ్చే అద్దెతో లాట్ రెంట్ కట్టేద్దామని నీ ఆలోచన. చాలా పార్కుల్లో సబ్‌లీజ్, అంటే నువ్వు మళ్ళీ ఇంకొకరికి అద్దెకివ్వడం, ఒప్పుకోరు, ఇంట్లో ఉండే పెద్దవాళ్ళందరి పేర్లూ లీజులో ఉండాలంటారు. రూల్స్ కాగితం తీసుకుని కూర్చుని చదువు. అమ్మేటప్పుడు ఇంటిని అక్కడే వదిలి అమ్మనిస్తారా, లేక పాతదైపోయింది తీసెయ్యమంటారా అన్నది అందులో తప్పకుండా చూడు. కొన్నవాడికి లాట్ ఇవ్వాలా వద్దా అన్నది పార్కు ఇష్టం. వాళ్ళు క్రెడిట్, బ్యాక్‌గ్రౌండ్ చెక్ చేసి, నీకు లాట్ ఇస్తామని రాసిచ్చాకే అమ్మేవాడికి డబ్బివ్వు. ఇచ్చేశాక వాళ్ళు కాదంటే ఇల్లు నీది, పెట్టుకోవడానికి చోటు లేదు.

ఇక కాగితాలు. టెక్సస్‌లో మొబైల్ హోమ్‌కి కారు టైటిల్ లాంటిది ఉండదు, స్టేట్‌మెంట్ ఆఫ్ ఓనర్‌షిప్ ఉంటుంది. టెక్సస్ డిపార్ట్‌మెంట్ ఆఫ్ హౌసింగ్ అండ్ కమ్యూనిటీ అఫైర్స్‌లో మాన్యుఫాక్చర్డ్ హౌసింగ్ డివిజన్ అని ఉంది, వాళ్ళ సైట్‌లో ఇంటి లేబుల్ నంబరో సీరియల్ నంబరో కొడితే ఓనరు ఎవరో, దాని మీద అప్పూ పన్ను బకాయీ ఉన్నాయో లేదో కనిపిస్తుంది. ఖర్చేమీ లేదు, పది నిమిషాల పని. నీతో మాట్లాడుతున్నవాడి పేరూ అక్కడున్న పేరూ ఒకటేనా చూడు. "అది మా పెద్దమ్మది, ఆవిడ పోయింది, నేనే చూసుకుంటున్నాను" అంటే వారసత్వం కాగితాలు తెచ్చేదాకా ముందుకెళ్ళకు. కౌంటీ ట్యాక్స్ ఆఫీసుకు కూడా ఒక ఫోన్ కొట్టు, పాత బకాయిలు ఇంటితోపాటే నీ నెత్తిన పడతాయి. కొన్న 60 రోజుల్లోపు నీ పేరుకి మార్చమని దరఖాస్తు పెట్టాలి. నెలనెలా కడుతూ ఉండు, అంతా అయ్యాక పేరు మారుస్తానని ఎవడైనా అంటే ఆ బేరం వదిలెయ్.

లేబుల్ అంటే ఇంటి బయట, ఒక చివర గోడకు కొట్టిన చిన్న ఎర్ర రేకు. 1976 జూన్ 15 తర్వాత కట్టిన ప్రతి ఇంటికీ ఫెడరల్ ప్రమాణాల ప్రకారం కట్టామని అది ఉండాలి. రెండు ముక్కలు కలిపి నిలబెట్టే డబుల్‌వైడ్ అయితే రెండు ఉండాలి. లోపల డేటా ప్లేట్ అని ఒక కాగితం, కిచెన్ కప్‌బోర్డులోనో కరెంటు ప్యానెల్ దగ్గరో బెడ్‌రూమ్ క్లోజెట్‌లోనో అంటించి ఉంటుంది. కట్టిన తేదీ, విండ్ జోన్ అందులో ఉంటాయి. రెండింటికీ ఫోటో తియ్యి. నువ్వు పంపిన రెండో లింకు, ఆ నాలుగు వేల డాలర్లది, 1973 నాటిది. దాన్ని మర్చిపో. అప్పటికి ఈ ప్రమాణాలు లేవు. చాలాచోట్ల వాటిని కొత్తగా పెట్టనివ్వరు, లోన్ రాదు, ఇన్సూరెన్స్ దొరకడం కష్టం, లోపల అల్యూమినియం వైరింగ్ ఉండే అవకాశం ఎక్కువ.

కిరణ్, ఇప్పుడు చెప్పేది జాగ్రత్తగా చదువు. ఈ ఇళ్ళను తినేసేది నీళ్ళు. అప్పట్లో చాలా వాటికి ఫ్లోరింగ్ కింద వేసింది చెక్కపొట్టును జిగురుతో నొక్కి చేసిన పలక. తడిస్తే ఉబ్బుతుంది, తర్వాత పొడిపొడిగా రాలిపోతుంది. పైన కొత్త వినైల్ పరిస్తే ఏమీ కనబడదు. అందుకే బూట్లు విప్పి నడువు. టాయిలెట్ చుట్టూ, టబ్ అంచున, వాటర్ హీటర్ ఉన్న అల్మారా ముందు, వాకిలి దగ్గర, కిటికీల కింద మడమతో గట్టిగా నొక్కు. కాలు కొంచెం దిగినట్టనిపిస్తే అక్కడ పలక పోయినట్టే. వాటర్ హీటర్ అల్మారాలో సాధారణంగా కొత్త ఫ్లోరింగ్ వెయ్యరు, అక్కడ పలక అంచుని స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడు. గట్టిగా ఉంటే మంచిదే. తవుడులా రాలితే మిగతా ఇంట్లో ఏముందో ఊహించుకో. తలుపు తీయగానే రూమ్ ఫ్రెష్‌నర్ వాసన గుప్పుమన్నా అనుమానించాల్సిందే.

తర్వాత పాత బట్టలు వేసుకుని, టార్చ్ పట్టుకుని, ఇంటి అడుగు చుట్టూ కప్పే స్కర్టింగ్‌లో ఒక పలక తీయించి కిందికి దూరు. కొనేవాళ్ళలో చాలామంది చెయ్యని పని ఇదే. ఇంటి అడుగున నల్లటి షీటు కప్పి ఉంటుంది. అది ఎక్కడైనా పొట్టలా కిందికి వేలాడుతుంటే లోపల పైపు కారి నీళ్ళు నిలిచి ఉండొచ్చు. చిరిగిపోయి ఉంటే ఇన్సులేషన్ పాడై, ఎలుకలు చేరి ఉంటాయి. ఇనుప ఫ్రేము మీద పెచ్చులు లేచేంత తుప్పు ఉందా, దిమ్మలు నిటారుగా ఉన్నాయా, యాంకర్ పట్టీలు బిగువుగా ఉన్నాయా చూడు. పైపులు బూడిదరంగు ప్లాస్టిక్‌వి అయితే అవి పాలీబ్యూటిలీన్ కావచ్చు. 1978 నుంచి 1995 దాకా అవి చాలా ఇళ్ళకు వేశారు, నీ ఇల్లు సరిగ్గా ఆ కాలంలోది. అవి జాయింట్ల దగ్గర పగులుతాయి, మొత్తం మార్పించే ఖర్చు బేరంలో తగ్గించమను. 2021 ఫిబ్రవరిలో చలికి టెక్సస్ అంతటా పైపులు పగిలాయి కదా, అప్పుడు ఈ ఇంటికి ఏమైంది, ఏం మార్చారు అని అడుగు. 2017లో హార్వీ వరదలప్పుడు కూడా. ఫెమా (అమెరికా ప్రభుత్వ విపత్తుల సంస్థ) వరద మ్యాపులో ఆ అడ్రస్ కొట్టి చూడు. మామూలు ఇన్సూరెన్స్ వరదకు వర్తించదు, దానికి వేరే పాలసీ తీసుకోవాలి.

పైకప్పు ఎక్కొద్దు, నిచ్చెన మీద నుంచి చూస్తే చాలు. ఇంట్లో ప్రతి తలుపూ కిటికీ తీసి వేసి చూడు, బిగుసుకుంటుంటే ఇల్లు లెవెల్ తప్పినట్టు. కరెంటు, ఏసీ నాకు తెలిసిన ఇన్‌స్పెక్టర్ చూస్తాడు. ఆయన ఫీజు నేనిస్తాను, మొహమాటపడకు.

ఇన్సూరెన్స్ కోట్ కూడా ముందే తెప్పించుకో, ఆ వయసు ఇంటికి ఇవ్వం అనేవాళ్ళున్నారు. టోర్నడో వార్నింగ్ వస్తే మాత్రం మొబైల్ హోమ్‌లో ఉండకూడదు రా, ఎంత గట్టిగా కట్టినదైనా సరే. పార్కులో షెల్టర్ ఉందా, లేకపోతే దగ్గర్లో పక్కా భవనం ఏముందో ఇల్లు చూడ్డానికి వెళ్ళినప్పుడే చూసి పెట్టుకో.

నీ దగ్గర మొత్తం 19 వేలున్నాయన్నావు. 14 వేలకు ఒప్పుకుంటే మిగిలే ఐదు వేలు పైపులకో ఫ్లోరింగ్‌కో పోతాయి, అప్పుడు లేఆఫ్ వస్తే చేతిలో రూపాయి ఉండదు. పదకొండు దగ్గర మొదలుపెట్టు. ఈ ఏరియాలో ఎన్నాళ్ళుంటానో నీకే తెలియదంటున్నావు కాబట్టి, రెండేళ్ళకు తక్కువైతే అద్దె ఇంట్లోనే ఉండడం మేలని నా అభిప్రాయం. బేరం కుదిరినా క్యాష్ వద్దు, జెల్ (ఫోన్లో డబ్బు పంపే పద్ధతి) వద్దు. సంతకాలు అయ్యే చోటే క్యాషియర్స్ చెక్, అంటే బ్యాంకే తన పేరు మీద ఇచ్చే చెక్కు, ఇవ్వు.

శనివారం వెళ్తున్నావుగా, లేబుల్ ఫోటో, సీరియల్ నంబరు, పార్కు రూల్స్ కాగితం, కింద తీసిన వీడియో ఆ రాత్రికే పంపు. ఆదివారం పొద్దున కూర్చుని చూసి ఫోన్ చేస్తాను. అప్పటిదాకా అడ్వాన్స్ ఏమీ ఇవ్వకు. అత్తయ్య నిన్ను అడిగినట్టు చెప్పమంది.

ఇట్లు,
మావయ్య